చెరువుకు అంచే ప్రాణం

మన ప్రాచీనులు చెరువుకు పెట్టిన పేర్లను గమనిస్తే వారు దానిని ఏ దృష్టితో చూశారో తెలుస్తుంది. తటాకం అన్నారు. ఆ మాటలోనే తటం ఉన్నది, తటమంటే ఒడ్డు. పద్మాకరం అన్నారు, పద్మాలకు పుట్టినిల్లు అని దాని అర్థం. ఆ పద్మానికి మళ్లీ పంకజమని పేరు, పంకమంటే బురద. ఒడ్డు, బురద, ఆ బురదలో నుండి పుట్టిన పువ్వు - ఇవన్నీ కలిస్తేనే చెరువు అని ఆ పేర్లు చెబుతున్నాయి. నీరు నిలిచిన ప్రతి గోతినీ మనవారు చెరువు అనలేదు.

ఈ మాటను ఇప్పుడు గుర్తు చేయడానికి కారణం ఉన్నది. కొన్నేళ్లుగా మన నగరాలలోని ఉద్యానవనాలలో ఉన్న కుంటలను, వాటిని ఆనుకొని ఉన్న చెరువులను బాగుచేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. పూడిక తీస్తున్నారు, కట్టలను పటిష్ఠం చేస్తున్నారు, నడక దారులు వేస్తున్నారు. ఇది సంతోషించదగిన పరిణామం. పూడిక తీయాలా, వద్దా అన్న చర్చ ఇక అనవసరం. ఎట్లా తీయాలి, ఎవరి కోసం తీయాలి అన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న. పూడికతో పాటు ఒడ్డును కూడా పోగొట్టుకుంటే నీరు మిగులుతుంది గాని చెరువు మిగలదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్నది ఇదే.

ఓరుగల్లు ప్రాంతం వారికి చెరువును గురించి కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. గణపతిదేవ చక్రవర్తి (1199-1262) కాలంలో జగదాల ముమ్మడి పాకాల చెరువును కట్టించాడు. రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప దేవాలయాన్ని ప్రతిష్ఠించిన చోటనే రామప్ప చెరువు కూడా వెలసింది. లక్నవరం, ఘనపురం చెరువులు ఆ పరంపరలోనివే. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువనున్న మరొక చెరువును చేరే విధంగా గొలుసుకట్టు చెరువులను నిర్మించిన నేర్పు కాకతీయుల నాటిది. 2021లో యునెస్కో రామప్ప ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు మనమందరం గర్వించాం. ఆ ఆలయం పక్కనున్న చెరువు కూడా అంతే గొప్ప వారసత్వమన్న ఎరుక మనలో కలిగితే ఆ గర్వం సార్థకమవుతుంది.

పూర్వులు సప్తసంతానాలని ఏడింటిని చెప్పారు. స్వసంతానం, ధననిక్షేపం, కావ్యం, దేవాలయం, అగ్రహారం, వనం, తటాకం అనేవి ఆ ఏడు. మనిషి గతించిన తరువాత కూడా అతని పేరు నిలిపేవి కనుక వీటిని సంతానాలన్నారు. ఇందులో కన్నబిడ్డ ఒక్కటే స్వంతం. చెరువు, తోట వంటివి లోకానికి చెందినవి. ఉద్యానవనంలోని చెరువును బాగుచేయడమంటే ఒకే చోట రెండు సంతానాలను నిలుపుకోవడం. అంతకన్న మించిన పుణ్యకార్యం నగరవాసికి మరొకటి దొరకదు. అయితే సంతానమన్నది ప్రాణమున్నదానికి పేరు. చెరువును సంతానమనుకున్నవాడు దానిని ప్రాణంతోనే నిలుపుకోవాలి.

చెరువులో పూడిక చేరడం ప్రకృతి సహజం. వాన పడినప్పుడల్లా పైనున్న చేల నుండి, గుట్టల నుండి మట్టి కొట్టుకొని వస్తుంది. వేగంగా వచ్చిన నీరు చెరువులో నిలకడ చెందగానే తాను మోసుకొచ్చిన మట్టిని అడుగున వదులుతుంది. ఏటేటా సన్నని పొర ఒకటి చేరుతుంది. పూర్వం రైతులు ఎండాకాలంలో నీరు తగ్గిన చెరువులో దిగి ఆ ఒండ్రుమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకొనేవారు. చెరువుకు లోతు, చేనుకు సారం ఒక్క పనితోనే సమకూరేవి. తూము తెరిచి నీటిని పంచే నీరటి ఉండేవాడు. చెరువు పోషణకు దశబంధ మాన్యాలు ఉండేవి. చెరువును బాగుచేయడమన్నది ఎప్పుడో ఒకసారి తలపెట్టే మహాకార్యం కాదు; దసరా, సంక్రాంతి వలె ఏటా వచ్చే పని.

ఆ ఏర్పాటు క్రమంగా చెదిరిపోయింది. మాన్యాలు పోయాయి, నీరటి వ్యవస్థ బలహీనపడింది, బావులు, బోర్లు వచ్చాయి, పెంటకు, ఒండ్రుకు బదులు రసాయనిక ఎరువులు వచ్చాయి. చెరువు అవసరం తీరిందన్న భ్రమ కలిగింది. దశాబ్దాల పూడిక పేరుకుపోయింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్నది. తీసిన మట్టిని రైతులు పొలాలకు తరలించుకోవాలన్న పాత పద్ధతి అందులో మళ్లీ చోటు చేసుకొన్నది. కాకతీయుల పేరు పెట్టడంలోని ఔచిత్యం వేరే చెప్పనక్కరలేదు.

పల్లె చెరువు సంగతి ఇట్లా ఉంటే నగరంలోని చెరువు సంగతి మరింత చిక్కైనది. అక్కడ ఆయకట్టు లేదు. శిఖం భూమిలో ఇండ్లు లేచాయి. ఎగువ నుండి వచ్చే నీటిలో మట్టితో పాటు మురుగు కూడా ఉన్నది. వరంగల్ నగరం నడుమ ఉన్న భద్రకాళి చెరువు ఇందుకు ప్రత్యక్ష నిదర్శనం. అమ్మవారి ఆలయం, చుట్టూ గుట్టలు, కట్ట వెంట పెంచిన ఉద్యానం - ఇంతటి రమణీయ దృశ్యం నగరం మధ్యలో ఉండడం మన అదృష్టం. ఒకప్పుడు నగరానికి తాగునీరు అందించిన చెరువు అది. అటువంటి చెరువు పూడికతో మెరకెక్కి, గుర్రపుడెక్కతో కప్పుకుపోయే స్థితికి వచ్చింది.

దాని ఫలితం మనుషులకు కూడా అనుభవంలోకి వచ్చింది. 2020 ఆగస్టులో వరంగల్‌లోని పలు కాలనీలు నీట మునిగాయి. 2023 జూలై చివర కురిసిన కుండపోత వానలకు పోతన నగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగింది. చెరువు తన చోటును అడిగిందని ఆ సంఘటనను అర్థం చేసుకోవాలి. 2024 చివరలో చెరువులోని నీటిని వదిలి, పూడిక తీసే పనికి పూనుకొన్నారు. తరతరాలుగా నిండుగా చూసిన చెరువు అడుగు నగరవాసులకు కనిపించింది. ఇంత పెద్ద పని ఒక తరానికి ఒకసారి మాత్రమే జరుగుతుంది. కనుక ఇప్పుడు ఏ రూపం ఇస్తామో రాబోయే యాభై ఏండ్లు ఆ రూపమే ఉంటుంది. అందుచేత ఆలోచన కూడా ఆ స్థాయిలోనే సాగాలి.

పూడిన చెరువులో జీవం ఎందుకు తగ్గుతుందో ముందుగా తెలుసుకోవాలి. మురుగునీటిలో నత్రజని, భాస్వరం వంటి పోషకాలు అధికంగా ఉంటాయి. వాటిని ఆహారంగా తీసుకొని నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుండి వచ్చిన మొక్క. దానిని అదుపులో ఉంచే పురుగులు ఇక్కడ సహజంగా లేవు. అనుకూల పరిస్థితులలో అది రెండు వారాలలోనే రెట్టింపవుతుంది. నీటిపై చాప పరచినట్లు కప్పేసి ఎండను లోపలికి పోనీయదు. ఎండ అందక అడుగున పెరిగే మొక్కలు చనిపోతాయి. కుళ్లిన ఆకులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. గాలి పీల్చే శక్తి ఉన్న కొరమీను, మార్పు వంటి చేపలు కొంతకాలం తట్టుకొంటాయి, తక్కినవి తేలిపోతాయి. చేప లేని చోటికి నీటికాకి రాదు, లకుముకి పిట్ట రాదు. కుళ్లిన మొక్కలు అడుగుకు చేరి మళ్లీ పూడికగా మారుతాయి. ఈ చక్రం ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. కనుక పూడిక తీయడం చెరువుకు చికిత్స అనడంలో సందేహం లేదు.

అయితే చికిత్స పేరుతో రోగిని మార్చివేయరాదు. మనం చూస్తున్న పునరుద్ధరణలలో తరచుగా జరుగుతున్నది ఏమిటి? యంత్రాలతో చెరువును ఒడ్డు నుండి ఒడ్డు దాకా ఒకే లోతున త్రవ్వుతారు. చుట్టూ నిలువుగా రాతి గోడ కడతారు. గోడపైన నడకదారి, దాని పక్కన కత్తిరించిన పచ్చిక, రంగు దీపాలు, నీటి మధ్యలో ఫౌంటెన్, పడవ షికారు ఏర్పాటు చేస్తారు. చూడడానికి అది శుభ్రంగా ఉంటుంది. నీరు కూడా ఎక్కువే నిలుస్తుంది. కాని ఆ నీటిలో కాలు మోపే చోటు కొంగకు ఉండదు. గుడ్లు పెట్టడానికి కప్పకు తావుండదు. నీళ్లలో నుండి బయటికి ఎక్కివచ్చి ఎండ కాగే చోటు తాబేలుకు దొరకదు. అది చెరువు వేషం వేసిన నీటితొట్టి.

నీటిపక్షులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క లోతు కావాలి. ఉల్లంకులు తడి బురదలో ముక్కు గుచ్చి పురుగులను ఏరుకొంటాయి; వాటికి అంగుళం నీరు చాలు. కొంగలకు జానెడు నుండి మోకాటి లోతు కావాలి. నత్తగుల్ల కొంగ నత్తలున్న మడుగులను వెదుక్కొంటుంది. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పక్షులకు తామర ఉండాలి. తామర వేళ్లు దిగడానికి లోతు తక్కువ ఉన్న బురద ఉండాలి. నీటికోడి, చిలువ బాతు తుంగ, జమ్ము పొదలలో దాక్కొంటాయి. మునిగి చేపలు పట్టే నీటికాకికి, మునుగుడు కోడికి మాత్రమే నిజమైన లోతు అవసరం. నడుమ ఉన్న లోతు నీటిలో కొన్ని జాతులకే చోటు ఉండగా, అంచున ఉన్న పలుచని నీటిలో అనేక జాతులు బతుకుతాయి. ఒడ్డు ఏటవాలుగా ఉంటే నీరు పెరిగినా తగ్గినా ఎక్కడో ఒకచోట ఆ పలుచని అంచు ఉంటూనే ఉంటుంది. ఒడ్డును గోడగా మార్చిన నాడు అది ఒక్కసారిగా మాయమవుతుంది.

ఈ సత్యం మన కవులకు తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణిస్తూ రెక్కలలో తల దూర్చి నీటి ఒడ్డున నిద్రపోతున్న బాతులను చూపిస్తాడు. తెల్లవారుజామున స్నానానికి వచ్చిన విప్రులు పిండిపెట్టి మరచిపోయిన వస్త్రాలు కాబోలునని తలారులు వాటిని తీయబోతారు. బాతులు కాస్తా లేచి పరుగెడతాయి. అది చూసి వరిచేలకు కావలి ఉన్న స్త్రీలు నవ్వుతారు. హాస్యం కోసం ఈ పద్యాన్ని మనం తరగతి గదులలో చదువుకొంటాం. అందులో మరొక విషయం కూడా ఉన్నది. బాతులు భయం లేకుండా పడుకొనే ఒడ్డు ఆ ఊరిలో ఉన్నది. మనిషి స్నానం చేసే చోటు, పక్షి నిద్రించే చోటు ఒక్కటే. గోడ కట్టిన చెరువు దగ్గర ఆ పద్యం పుట్టదు. బాతును చూడని తరానికి ఆ పద్యంలోని నవ్వు కూడా అందదు. చెరువు పోతే పోయేది నీరొక్కటే కాదు. మన సాహిత్యంలో సగం ఉపమానాలకు ఆధారం కూడా పోతుంది.

దీనికి కొన్ని అభ్యంతరాలు రావచ్చు. వాటిని తోసిపుచ్చడం న్యాయం కాదు. మొదటిది వరద గురించినది. అంచులలో మట్టిని వదిలేస్తే నీరు నిలిచే చోటు తగ్గుతుందని, 2023 నాటి ప్రమాదం మళ్లీ రావచ్చునని అంటారు. కట్ట భద్రత విషయంలో రాజీ ఉండరాదన్నది నిజమే. కట్ట వైపు రాతి కట్టడం తప్పదు. కాని చెరువుకు కట్ట ఒకవైపే ఉంటుంది. తక్కిన మూడు వైపులా నేల సహజంగా వాలుతుంది. ఆ మూడు వైపులను వాలుగా ఉంచితే వరద వచ్చినప్పుడు నీరు పక్కలకు విస్తరించడానికి చోటు కూడా ఉంటుంది. వరదకు అసలు కారణం ఆ వాలు నేలలను మనం ఆక్రమించడమే.

రెండవ అభ్యంతరం దోమల గురించి. తుంగ, జమ్ము ఉంటే దోమలు పెరుగుతాయని భయం. దోమ పిల్లలు కదలని నీటిలో, వాటిని తినేవి లేని చోట పెరుగుతాయి. మురుగు కాలువలో, పాత టైరులో, పూలకుండీ కింది పళ్లెంలో అవి పెరగడానికి కారణం అదే. జీవమున్న చెరువులో చిన్న చేపలు, తూనీగ పిల్లలు, కప్పలు వాటిని తింటాయి. మురుగు కలిస్తే ఈ భక్షకులు పోయి దోమలు మిగులుతాయి. దోమల నివారణకని పరదేశి గంబూసియా చేపలను వదలడం ఒక అలవాటుగా మారింది. అవి దోమ పిల్లలతో పాటు కప్ప పిల్లలను, స్థానిక చేపల గుడ్లను కూడా తింటాయి. మన నేలలోని పరకలు, ఇతర చిన్న చేపలు ఉండగా వాటిని తెచ్చుకోవలసిన అవసరం లేదు.

మూడవ అభ్యంతరం మన సంప్రదాయం నుండే రావచ్చు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలను, ఉండకూడని ఆరు దోషాలను చెప్పారు. తటాక శాస్త్రాన్ని ఇంత వివరంగా తెలిపే శాసనాలు అరుదు. చెరువు నడుమ తాబేటి వీపు వలె మెరక ఉండడం ఆ దోషాలలో ఒకటి. మరి పక్షుల కోసం చెరువు మధ్యలో దిబ్బలను వదలాలని కోరడం శాస్త్రవిరుద్ధం కాదా? ఆ శాసనకర్త ఆలోచించింది ఆయకట్టుకు నీరందించే చెరువును గురించి. అక్కడ ప్రతి నీటి బొట్టుకూ ఒక వరికంకి లెక్క. నగరంలోని ఉద్యాన తటాకానికి ఆయకట్టు లేదు. అది తీర్చవలసిన అవసరాలు వేరు: వరదను ఆపడం, భూగర్భజలాన్ని నింపడం, ఎండను చల్లబరచడం, జీవాలకు ఆశ్రయమివ్వడం. ప్రయోజనం మారినప్పుడు గుణదోషాల నిర్ణయం కూడా మారుతుంది. కుక్క, పిల్లి చేరలేని చిన్న దిబ్బ, దానిపై నాలుగు తుమ్మచెట్లు నగరంలోని పక్షికి కోట వంటివి.

ఇది ఊహ కాదు. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడును చూడండి. అది ఒక చిన్న ఊరు. అక్కడి చెరువులు కూడా చిన్నవే. నీటి మధ్యనున్న దిబ్బలపై చెట్లు ఉన్నాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ గూళ్లు కట్టి పిల్లలను పెంచుతున్నాయి. ఊరి జనం వాటిని తరమరు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ నేడు పక్షుల స్వర్గమని ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ చిత్తడి నేల కూడా కట్టలు వేసి, నీటిని నిలిపి మనుషులు కల్పించినదే. 1981లో రామ్‌సర్ జాబితాలోను, 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలోను దానికి చోటు దక్కింది. మనిషి చేతితో చేసిన చెరువులో ప్రకృతి కాపురం ఉంటుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఇంగ్లాండులోని నార్ఫోక్ ప్రాంతంలో జరిగిన పరిశోధన మరింత ఆశ్చర్యకరమైనది. అక్కడ రైతులు పొలం విస్తరణ కోసం పూడ్చివేసిన పాత కుంటలను శాస్త్రవేత్తలు గుర్తించి తిరిగి త్రవ్వారు. 2017లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, నూరేండ్లకు పైగా మట్టి కింద ఉన్న నీటిమొక్కల విత్తనాలు వెలుగు, నీరు తగలగానే మొలకెత్తాయి. పూడిక తీసిన కుంటల దగ్గర పురుగుల సంఖ్య, వాటిని తినే పక్షుల సంఖ్య పెరిగినట్లు తరువాతి పరిశీలనలలో తేలింది. ఈ పరిశోధన మనకు రెండు పాఠాలు నేర్పుతున్నది. పూడిన చెరువు చచ్చినది కాదు, నిద్రపోతున్నది. ఆ నిద్రలోని విత్తనాలు అడుగు మట్టిలో ఉన్నాయి. కనుక పూడికనంతా ఊడ్చి పారవేస్తే ఆ జ్ఞాపకాన్ని కూడా పారవేసినట్లే.

అందుచేత చేయవలసిన పనులకు ఒక వరుస ఉండాలి. అన్నింటికన్న ముందు మురుగును ఆపాలి. మురుగు వచ్చే కాలువను మళ్లించకుండా పూడిక తీయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. రెండవది, పని ఒక్కసారిగా కాక భాగాలుగా జరగాలి. ఒక ఏడు ఒక పక్క తీస్తే రెండవ పక్కనున్న చేపలు, కప్పలు, తాబేళ్లు బాగైన చోటికి తరలివస్తాయి. పెద్ద చెరువును పూర్తిగా ఖాళీ చేయక తప్పని పరిస్థితిలో కనీసం ఒక మడుగునైనా వాటికి విడిచిపెట్టాలి. మూడవది, కాలం చూసుకోవాలి. శీతకాలంలో ఉత్తరాది దేశాల నుండి బాతులు, ఉల్లంకులు వలస వస్తాయి. వానాకాలంలో మన పక్షులు, చేపలు సంతతిని పెంచుకొంటాయి. మన పెద్దలు పూడికకు ఎండాకాలాన్ని ఎంచుకొనడంలో సౌకర్యంతో పాటు విజ్ఞత కూడా ఉన్నది.

నాలుగవది, నడుమ లోతుగా, ఒడ్డుకు వచ్చేకొద్దీ పలుచగా ఉండేటట్లు వాలును దిద్దాలి. ఒడ్డు పొడవునా కాకపోయినా ఒక పక్కన తుంగ, జమ్ము, తామర పెరిగే చోటును మనుషులు తిరగని భాగంగా కేటాయించాలి. ఆ వైపు దీపాలు, మైకులు, పడవలు ఉండరాదు. చీకటి కూడా పక్షికి ఒక అవసరమే. ఐదవది, నగర చెరువు మట్టిని పరీక్షించకుండా పొలాలకు పంపరాదు. పల్లె చెరువు ఒండ్రు ఎరువు కావచ్చు గాని, మురుగు, వ్యర్థాలు కలిసిన నగరపు పూడికలో సీసం వంటి హానికర లోహాలు ఉండే అవకాశం ఉన్నది. ఆరవది, రంగులద్దిన ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనానికి వేరే కొలనులను ఏర్పాటు చేయాలి. మట్టి విగ్రహం మట్టిలో కలిస్తే పూజ పూర్తవుతుంది. ప్లాస్టర్ విగ్రహం చెరువులో మిగిలితే పూడిక మొదలవుతుంది.

చట్టం కూడా ఈ దిశలోనే ఉన్నది. 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో 51-ఎ (జి) అధికరణం అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం, ప్రాణుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుని కర్తవ్యమని చెబుతున్నది. సరస్సును, వన్యప్రాణిని ఒకే వాక్యంలో పేర్కొనడం గమనించదగినది. చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి సంపద అని, వాటిని ఇతర అవసరాలకు మళ్లించరాదని సుప్రీంకోర్టు 2001లో స్పష్టం చేసింది. అయితే కోర్టు ఆజ్ఞ ఆక్రమణను ఆపగలదే గాని కొంగను పిలిచి తీసుకురాలేదు. ఆ పని ఒడ్డును ఒడ్డుగా ఉంచే మన వివేకం వల్లనే జరగాలి. హైదరాబాదులో అంబర్‌పేటలోని బతుకమ్మ కుంట ఉనికిని కోల్పోయే దశ నుండి 2025లో మళ్లీ నీటితో కళకళలాడింది. చెరువు పోయిందనుకొన్న చోట కూడా చెరువును రప్పించుకోవచ్చునని అది నిరూపించింది. అటువంటి ప్రతి చోటా ఇక అడగవలసింది జీవం ఎంత తిరిగి వచ్చిందన్న ప్రశ్న.

బతుకమ్మ పేరు వచ్చింది కనుక ఒక మాట. తంగేడు, గునుగు, తామర, కట్ల పువ్వులను పేర్చి ఆడి పాడి, చివరకు నీటిలో సాగనంపే పండుగ మనది. హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు చేరే జనసందోహాన్ని చూసినవారికి చెరువుతో మనకున్న అనుబంధం ఏమిటో వివరించనక్కరలేదు. ఈ పండుగకు ఒడ్డు కావాలి. ఆడబిడ్డలు మెట్టు మెట్టుగా నీటిలోకి దిగి తమ బతుకమ్మను వదలడానికి వాలు కావాలి. ఆ పువ్వులు పూయడానికి చెరువు చుట్టూ దున్నని నేల కావాలి. పక్షికి కావలసినదీ, పండుగకు కావలసినదీ ఒకే అంచు. జీవావరణం వేరు, సంస్కృతి వేరు అని మనం గీసుకొన్న గీత ఆ నీటి ఒడ్డున చెరిగిపోతుంది.

ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థులకు ఇందులో చేయదగిన పని ఎంతో ఉన్నది. మీ ఊరిలో, మీ వీధికి దగ్గరలో ఉన్న చెరువునో కుంటనో ఎంచుకోండి. అది గొలుసులో ఎక్కడిది, దాని నీరు ఎక్కడి నుండి వస్తుంది, అలుగు పారితే ఎక్కడికి పోతుంది అని పెద్దలను అడిగి తెలుసుకోండి. ఏ నెలలో ఏ పక్షి వచ్చిందో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. వాటికి మీ ఊరి వారు పెట్టుకొన్న పేర్లను కూడా రాయండి. చెరువులతో పాటు ఆ పేర్లు కూడా మనకు తెలియకుండానే పూడిపోతున్నాయి. మూడు నాలుగేండ్ల అటువంటి రాత ఒక చెరువును బాగుచేసే ఇంజనీరుకు ఏ పటమూ ఇవ్వలేని సమాచారాన్ని ఇస్తుంది. పూడిక తీసే పని మీ ఊరికి వచ్చిన నాడు గ్రామసభలోనో, వార్డు సభలోనో నిలబడి, అంచును ఏం చేయబోతున్నారని అడగండి.

కాకతీయుల రాజ్యం 1323లో అంతరించింది. వారి కోట శిథిలమైంది, తోరణాలు మాత్రం నిలిచాయి. వారి చెరువులు ఏడు వందల ఏండ్లకు పైగా నీటిని నిలుపుతూనే ఉన్నాయి. రాజులు కట్టను వేశారు. అందులో తామరను, చేపను, కొంగను ఎవరూ తెచ్చి పెట్టలేదు. నేల వాలుగా ఉన్నది, నీరు పలుచగా పరుచుకొన్నది, అవి తమంతట తాము వచ్చాయి. ఈనాడు మనం చేయవలసింది కూడా అంతే. మురుగును ఆపి, లోతును ఇచ్చి, అంచును మిగిల్చితే చాలు. రావలసినవి వస్తాయి.